విడాకుల ఒప్పందంలో ముందు అప్పులు తేల్చండి, తర్వాతే ఆస్తులు

"ఇల్లు అతనికి, బంగారం ఆమెకు, పిల్లాడు తల్లి దగ్గర" అని పెద్దమనుషుల ముందు గంటలో తేలిపోయే పంపకాలు చాలా ఉంటాయి. హోమ్‌లోన్ సంగతి అందులో ఒక్క ముక్కతో అయిపోతుంది: "అది అతనే కట్టుకుంటాడులే." రెండేళ్లు కడతాడు. ఆ తర్వాత ఉద్యోగం పోతుంది, లేదా కొత్త సంసారం, కొత్త ఖర్చులు మొదలవుతాయి. మూడు ఈఎంఐలు ఆగగానే బ్యాంకు ఫోన్ ఆమెకు వస్తుంది. కోర్టు డిక్రీ తీసుకెళ్లి చూపించినా బ్యాంకులో వచ్చే జవాబు ఒకటే: "లోన్ కాగితాల మీద మీ సంతకం ఉందమ్మా." ఆ జవాబు చట్టప్రకారం సరైనదే. విడాకుల కేసులో బ్యాంకు కక్షిదారు కాదు. భార్యాభర్తలు తమలో తాము ఏం రాసుకున్నా బ్యాంకు దానికి కట్టుబడదు. ఉమ్మడిగా సంతకం చేసిన అప్పులో మొత్తం బాకీని ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు. సిబిల్ స్కోరు కూడా ఇద్దరిదీ పడిపోతుంది.

అందుకే పంపకం మొదలుపెట్టాల్సింది అప్పుల నుంచి. ఈ పోస్టులో చెప్పేదంతా హిందూ వివాహ చట్టం కింద, ముఖ్యంగా పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్ల గురించి.

సగం అనే లెక్క మన చట్టంలో లేదు

పెళ్లయ్యాక సంపాదించినదంతా ఇద్దరికీ చెరిసగం అనే నియమం మన దగ్గర లేదు. గోవాలో పాత పోర్చుగీసు సివిల్ కోడ్ వల్ల అలాంటి పద్ధతి ఉంది. తెలుగు రాష్ట్రాల్లో లేదు. ఎవరి పేరున ఉన్నది వాళ్లదే అన్నది ఇక్కడ మొదటి సూత్రం. హిందూ వివాహ చట్టంలోని 27వ సెక్షన్ పెళ్లి సందర్భంగా వచ్చి, ఇద్దరికీ ఉమ్మడిగా చెందే వస్తువుల వరకే మాట్లాడుతుంది. శాశ్వత భరణం 25వ సెక్షన్ కింద వస్తుంది. మిగతా ఆస్తి తగాదాలను 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం, 7వ సెక్షన్ కింద అదే కోర్టులో తేల్చుకోవచ్చు. కానీ అక్కడ కూడా ఎవరి డబ్బు ఎంత పెట్టారో రుజువు చూపించాలి.

దీనివల్ల ఎక్కువగా నష్టపోయేది ఇంటిపట్టున ఉండి సంసారం నడిపిన భార్య. ఆమె జీతం తేలేదు కాబట్టి ఆమె వాటా సున్నా అన్న వాదన ఎన్నో ఇళ్లలో వినిపిస్తుంది. అది తప్పుడు వాదన. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు, భర్త సౌదీలో సంపాదిస్తుంటే ఇక్కడ ఇల్లూ పిల్లల్నీ చూసుకున్న భార్యకు అలా కూడిన ఆస్తిలో సగం వాటా ఉందని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు మన హైకోర్టులను కట్టిపడేయదు, అయినా మీడియేషన్ బల్ల దగ్గర దాన్ని గట్టిగా వినిపించవచ్చు. చట్టం సగం ఇవ్వని చోట మీ ఒప్పంద పత్రమే సగం ఇవ్వాలి. పరస్పర అంగీకార విడాకుల బలం అక్కడే ఉంది: చట్టానికి విరుద్ధం కానంతవరకు మీరు న్యాయమనుకున్నది రాసుకోవచ్చు.

మూడు ఖాతాలు కలపొద్దు

బేరం కుదర్చడానికి కూర్చున్నవాళ్లు సాధారణంగా ఒకే అంకె చెబుతారు. "మొత్తం పాతిక లక్షలు, ఫుల్ అండ్ ఫైనల్." ఆ అంకె వినగానే ఒప్పుకోకండి, కాదనకండి. ముందు దాన్ని మూడుగా విడదీయమనండి. ఒకటి స్త్రీధనం, అంటే ఇప్పటికే ఆమెదైనది తిరిగివ్వడం. రెండు, ఇద్దరి కష్టంతో కూడిన ఆస్తిలో వాటా, అందులోంచి అప్పులు పోను. మూడు, భరణం. పిల్లల ఖర్చు ఈ మూడింటికీ బయట నాలుగోది.

ఆమె బంగారం 240 గ్రాములు అతని బీరువాలో ఉందనుకోండి. ఆ రోజు గ్రాము ధరతో గుణించి చూడండి. పాతిక లక్షల్లో పెద్ద ముక్కో, ఒక్కోసారి మొత్తమో ఆమె సొంత బంగారం ఖరీదే అని అప్పుడు బయటపడుతుంది. ఆమె వస్తువును ఆమెకే ఇచ్చి దానికి భరణమని పేరు పెట్టడాన్ని న్యాయమైన సెటిల్‌మెంట్ అనలేం.

స్త్రీధనం మీద భర్తకు హక్కు లేదని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభా రాణి కేసు నుంచీ చెబుతూనే ఉంది. 2024 ఏప్రిల్‌లో కేరళ కేసు ఒకదానిలో 89 సవర్ల బంగారానికి బదులుగా భార్యకు 25 లక్షలు ఇమ్మంది. కష్టకాలంలో వాడుకున్నా తిరిగివ్వాల్సిందేనని అందులో చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. కూతురు అమెరికాలో విడాకులు తీసుకుని, లెక్కలన్నీ తేల్చుకున్న ఏళ్ల తర్వాత, ఆమె తండ్రి 40 కాసుల బంగారం ఇప్పించమని ఆమె మాజీ అత్తమామల మీద కేసు పెట్టాడు. స్త్రీధనానికి యజమాని ఆ అమ్మాయి ఒక్కతే, ఆమె అధికారం ఇవ్వనిదే తండ్రికి కూడా అడిగే హక్కు లేదని కోర్టు కేసు కొట్టేసింది. అంటే రసీదు మీద సంతకం పెట్టాల్సింది అమ్మాయే. ఆమె తరఫున అన్నయ్యో నాన్నో "ముట్టింది" అని రాస్తే అది చాలదు, ఆమె రాతపూర్వకంగా అధికారమిస్తే తప్ప.

బంగారం రాసేటప్పుడు గ్రాముల్లోనే రాయండి. కాసంటే 8 గ్రాములని అందరూ ఒప్పుకుంటారు కానీ తులం దగ్గర గొడవ వస్తుంది. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు, ఇప్పుడు షాపుల్లో 10 గ్రాములు. "30 తులాలు" అని రాస్తే ఆ మాటలోనే దాదాపు 50 గ్రాముల తేడా దాగి ఉంది. ప్రతి నగకూ పేరు, మొత్తం బరువు, రాళ్లు తీసేస్తే నికర బరువు, 22 క్యారెట్లా కాదా అన్నది విడివిడిగా రాయాలి. బిల్లులు లేవా? పెళ్లి ఫోటోలు, వీడియో ఉంటాయి. వాటికన్నా గట్టి సాక్ష్యం ఒకటుంది, చాలామందికి తట్టదు: ఆ నగలు ఎప్పుడైనా తాకట్టు పెట్టి ఉంటే గోల్డ్‌లోన్ రసీదు. అందులో అప్రైజర్ చూసిన నగల జాబితా, గ్రాస్ వెయిట్, నెట్ వెయిట్ తేదీతో సహా ఉంటాయి. పదేళ్ల కిందటి లోనైనా బ్యాంకును స్టేట్‌మెంట్ అడిగి చూడండి.

నగలు ఇప్పటికీ తాకట్టులోనే ఉంటే అక్కడో పెద్ద ప్రమాదం ఉంది. నగలు ఆమెవి, లోన్ అతని పేరున. వడ్డీ కట్టకపోతే వేలం నోటీసు అతని చిరునామాకే వెళ్తుంది. ఆమెకు తెలిసేసరికి వేలం అయిపోతుంది. కాబట్టి "నగలు విడిపించి ఇస్తాడు" అని వదిలేయకుండా, లోన్ నంబరు, బ్రాంచి, ఆ తేదీకి అసలు, వడ్డీ కలిపి బాకీ ఎంత, ఏ తేదీలోగా విడిపించాలి అన్నవి రాయించండి. ఆ తేదీ కోర్టులో రెండో వాయిదాకి (సెకండ్ మోషన్, అంటే ఇద్దరూ రెండోసారి కోర్టు ముందుకొచ్చి అంగీకారం చెప్పే రోజు) ముందే ఉండాలి. ఇద్దరూ కలిసి బ్రాంచికి వెళ్లి, అక్కడికక్కడే తూకం చూసుకుని తీసుకోవడం మేలు.

పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన పొలం సంగతి వేరే చెప్పాలి. అది ఆమెది. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం సంపూర్ణ హక్కుతో ఆమెది. కానీ నోటిమాటగా ఇచ్చి, పాస్‌బుక్ మాత్రం అల్లుడి పేరున చేయించిన కుటుంబాలు ఉన్నాయి. అలాంటిది ఉంటే ఒప్పందంలో మొదటి పేరాలోకే తీసుకురండి, భర్త స్వయంగా ఒప్పుకుని రాసివ్వాలి. తర్వాత కోర్టులో నిరూపించుకోవాలంటే ఏళ్లు పడుతుంది.

అప్పుల జాబితా ఎలా రాయాలి

ముందు ఒక తేదీ ఖాయం చేసుకోండి. విడిగా ఉండటం మొదలైన తేదీని తీసుకోవడం ఎక్కువ సందర్భాల్లో న్యాయం. ఆ తేదీకి ముందు సంసారం కోసం చేసిన అప్పు ఇద్దరిదీ. ఆ తర్వాత ఎవరు చేసిన అప్పు వాళ్లది. తేదీ లేకుండా జాబితా రాస్తే, కేసు మొదలయ్యాక పుట్టుకొచ్చిన అప్పులన్నీ అందులో చేరిపోతాయి.

ప్రతి అప్పుకూ మూడు ప్రశ్నలు వేసుకోండి: సంతకం ఎవరిది, డబ్బు దేనికి వాడారు, ఇప్పుడు ఎంత ఉంది. సంతకం బయటివాళ్లకు సమాధానం చెబుతుంది. వాడకం మీ ఇద్దరి మధ్య న్యాయం చెబుతుంది. ఈ రెండూ వేర్వేరు మనుషుల్ని చూపించే అప్పులే ప్రమాదకరమైనవి.

డ్వాక్రా అప్పు దీనికి సరైన ఉదాహరణ. సంతకం ఆమెది, సంఘం మొత్తానికీ బాధ్యత. డబ్బు మాత్రం అతని ఆటో డౌన్‌పేమెంట్‌కో, బోరుకో పోయి ఉంటుంది. ఆమె పుట్టింటికి వెళ్లిపోతే నెలవారీ వాయిదా ఆగుతుంది, తోటి సభ్యులు కట్టాల్సి వస్తుంది, ఆమె పేరు చెడుతుంది. ఇలాంటి అప్పును "అతను నెలనెలా ఇస్తాడు" అని పెట్టుకోకూడదు. ఆమె వాటా బాకీ ఎంతో సంఘం లెక్కల పుస్తకంలో చూసి, ఒకేసారి కట్టించి మూయించాలి. సంఘంలో ఆమె పొదుపు ఆమెదే, దాన్ని ఆస్తుల వైపు రాయండి.

చిట్టీ కూడా తికమక పెడుతుంది. పాట పాడుకోని చిట్టీ ఆస్తి. పాడుకుని డబ్బు తీసుకున్న చిట్టీ అప్పు. 25 నెలల, 5 లక్షల చిట్టీ ఎనిమిదో నెలలో పాడుకున్నారనుకోండి. ఇంకా 17 వాయిదాలు, వాయిదాకి 20 వేల చొప్పున 3 లక్షల 40 వేలు కట్టాలి, నెలనెలా వచ్చే డివిడెండ్ మేరకు తగ్గుతుంది. పాడుకున్న డబ్బు ఫ్లాట్‌లోకి వెళ్లి ఉంటే ఆ 3 లక్షల 40 వేలు ఫ్లాట్ అప్పులో భాగం. ఆ పాటకు భార్య జీతం సర్టిఫికెట్ ష్యూరిటీగా ఉంటే, వేరే ష్యూరిటీ పెట్టి ఆమెను తప్పించమని చిట్‌ఫండ్ కంపెనీకి దరఖాస్తు చేయండి. ఆ కాగితం చేతికొచ్చేవరకు ఆమె బాధ్యత అలాగే ఉంటుంది.

ప్రోనోట్ల దగ్గర సంతకం ఎక్కడ పెట్టారో చూడండి. సాక్షిగా పెట్టిన సంతకంతో అప్పు నెత్తిన పడదు, అప్పు తీసుకున్నవారి చోట పెడితే పడుతుంది. కేసు మొదలయ్యాక అన్నయ్య పేరునో బాబాయి పేరునో పాత తేదీలతో నోట్లు బయటకు తీసేవాళ్లుంటారు. అలాంటి నోటుకు వెనక బ్యాంకు లావాదేవీ ఉందా అని అడగండి. ఇరవై వేలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది, ఇరువైపులా వ్యవసాయ ఆదాయం మాత్రమే ఉన్నవాళ్లకు కొంత మినహాయింపు ఉంది. ఎనిమిది లక్షలు చేబదులు తెచ్చానంటూ ఒక్క ఎంట్రీ కూడా చూపించలేని నోటును ఉమ్మడి జాబితాలో రాయనివ్వకండి.

వ్యాపారం కోసం అతను తీసుకున్న క్యాష్ క్రెడిట్‌కు (అవసరం కొద్దీ వాడుకుంటూ, కడుతూ ఉండే బ్యాంకు అప్పు) ఆమె హామీదారుగా ఉంటే, విడిపోవాలని నిర్ణయించిన వారంలోనే బ్యాంకుకు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. కాంట్రాక్టు చట్టం 130వ సెక్షన్ ప్రకారం కొనసాగే హామీని ముందుముందు జరిగే లావాదేవీల వరకు రద్దు చేసుకోవచ్చు. అప్పటిదాకా అయిన బాకీ మీద బాధ్యత పోదు. అయినా ఆరు నెలలు ఆలస్యం చేస్తే ఆ ఆరు నెలల్లో పెరిగిన అప్పు కూడా ఆమె మీదే. బ్యాంకుతో రాసుకున్న హామీపత్రంలో ఈ హక్కును వదులుకున్న షరతు ఉందేమో లాయరుకు చూపించండి. క్రెడిట్ కార్డు యాడ్‌ఆన్‌లు ఆ రోజే బ్లాక్ చేయించాలి. ఉమ్మడి సేవింగ్స్ ఖాతాలో "ఇద్దరిలో ఎవరైనా" అని ఉన్నదాన్ని "ఇద్దరూ కలిసి" అని మార్పించాలి.

రెండు వైపులా నిజం దాచకుండా ఉండటానికి ఒక మంచి పనిముట్టు ఉంది. 2020 నవంబరులో రజ్నేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు భరణం కేసుల కోసం ఆస్తులు, అప్పుల అఫిడవిట్ నమూనా ఇచ్చింది. పరస్పర అంగీకారమైనా ఆ నమూనాను ఇద్దరూ నింపి మార్చుకోండి. అందులో అడిగే ప్రశ్నలు ఎంత వివరంగా ఉంటాయంటే, మర్చిపోయిన ఆర్‌డీ ఖాతా కూడా గుర్తొస్తుంది.

ఫ్లాట్ లెక్క, అంకెలతో

ఉదాహరణకు ఒక ఫ్లాట్ తీసుకుందాం. కొన్న ధర 58 లక్షలు. డౌన్‌పేమెంట్ 14 లక్షల్లో భార్యకు ఆమె తండ్రి ఇచ్చిన 6 లక్షలు, భర్త దాచుకున్న 8 లక్షలు. మిగతా 44 లక్షలు ఇద్దరి పేరునా హోమ్‌లోన్. ఈఎంఐ దాదాపు 38 వేలు, భర్త ఖాతా నుంచి కట్ అవుతుంది. భార్య జీతం కిరాణా, స్కూలు ఫీజులు, కరెంటు బిల్లుకు పోతుంది. ఇప్పుడు ఫ్లాట్ ధర 90 లక్షలు, లోన్ బాకీ 31 లక్షలు.

ఈఎంఐ అతని ఖాతాలోంచి పోయింది కాబట్టి ఇల్లు అతనిదన్న వాదన ఇక్కడే వస్తుంది. ఆమె జీతం ఇంటి ఖర్చు మోయకపోతే అతని ఖాతాలో ఈఎంఐకి డబ్బు మిగిలేది కాదు. కాపురం కలిసున్నంత కాలం కట్టిన ఈఎంఐలు ఇద్దరివీ అని లెక్కేయడమే సరైన పద్ధతి.

90లోంచి 31 తీసేస్తే 59 లక్షలు. మొదట ఎవరి డౌన్‌పేమెంట్ వాళ్లకు: ఆమెకు 6, అతనికి 8. తర్వాత విడిగా ఉన్న ఏడాది పాటు అతనొక్కడే ఈఎంఐ కట్టాడు, ఆ ఏడాది ఫ్లాట్‌లో ఉన్నదీ అతనే. అప్పుడు ఏడాది ఈఎంఐ మొత్తం అతని ఖాతాకు జమ చేయడం తప్పు. వడ్డీ భాగం అతను అక్కడ ఉన్నందుకు అద్దెలాంటిది. అసలులోకి పోయిన భాగమే అతనికి రావాలి. బ్యాంకు ఇచ్చే ఏడాది సర్టిఫికెట్‌లో అసలు, వడ్డీ విడివిడిగా ఉంటాయి. ఇక్కడ అసలు 1.8 లక్షలనుకుందాం. 59లోంచి 14, 1.8 తీసేస్తే 43.2. అందులో సగం 21.6. ఆమెకు మొత్తం 27.6 లక్షలు, అతనికి 31.4 లక్షలు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఫ్లాట్ ఎవరు ఉంచుకుంటారు? ఆమె ఉంచుకోవాలంటే 31 లక్షల లోన్ తన ఒక్కదాని పేరున మార్చుకుని, అతనికి 31.4 లక్షలివ్వాలి. అదీ అప్పు చేసే ఇస్తే మొత్తం 62.4 లక్షలు. ఇరవై ఏళ్లకు 8.5 శాతం వడ్డీ వేస్తే ఈఎంఐ సుమారు 54 వేలు. అతను ఉంచుకుంటే 58.6 లక్షలు, ఈఎంఐ సుమారు 51 వేలు. ఇంత ఈఎంఐ ఒక్కరి జీతం మీద బ్యాంకు ఒప్పుకుంటుందా? ఇది ఊహించి సంతకం పెట్టకూడదు. పేరు తొలగించడాన్ని బ్యాంకు కొత్త లోన్‌లాగే చూస్తుంది, మిగిలే మనిషి ఆదాయం సరిపోవాలి, ఆస్తి టైటిల్ కూడా ఆ మనిషి పేరునే ఉండాలి. అందువల్ల ముందు బ్యాంకు నుంచి సూత్రప్రాయ అంగీకార లేఖ తెచ్చుకోండి, తర్వాత ఒప్పందం రాయండి. ఆ బ్యాంకు కాదంటే వేరే బ్యాంకుకు ఒక్కరి పేరున లోన్ మార్చుకునే దారి చూడండి.

ఏ బ్యాంకూ ఒప్పుకోకపోతే అమ్మేయడమే న్యాయం. ఇల్లంటే మనసు ముడిపడి ఉంటుంది, పిల్లల బడి దగ్గరుంటుంది, అదంతా నిజమే. కానీ మోయలేని ఈఎంఐతో ఇల్లు ఉంచుకుంటే రెండేళ్లలో ఇల్లూ పోతుంది, ఇద్దరి సిబిల్ కూడా పోతుంది. అమ్మితే బ్రోకరేజీ, క్యాపిటల్ గెయిన్స్ పన్ను తీసేశాకే వాటాలు లెక్కేయండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు ఒక శాతం టీడీఎస్ పట్టుకుంటారు, అది ఇద్దరి పాన్‌ల మీద వాటాల ప్రకారం జమయ్యేలా చూసుకోండి. లోన్ పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు తిరిగివ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, ఆలస్యమైతే రోజుకు 5 వేలు పరిహారం. ఎవరి చేతికి ఇవ్వాలో ఒప్పందంలో రాసి ఉండాలి.

పత్రంలో ఏం రాయాలి, ఎప్పుడు డబ్బు మారాలి

"హోమ్‌లోన్ బాధ్యత భర్త వహించును" అన్న వాక్యం దాదాపు ప్రతి ఒప్పందంలో కనిపిస్తుంది. దాంతో ఏ ప్రయోజనం లేదు. దాని స్థానంలో ఇలాంటిది ఉండాలి: "ఫలానా బ్యాంకు, ఫలానా బ్రాంచి, లోన్ నంబరు ఫలానా, ఈ తేదీకి బాకీ ఇంత. రెండో వాయిదా తేదీకి 15 రోజుల ముందుగా భర్త ఈ లోన్ నుంచి భార్య పేరు తొలగించినట్లు బ్యాంకు లేఖను కోర్టులో దాఖలు చేయాలి. అలా చేయని పక్షంలో ఫ్లాట్‌ను అమ్మి, లోన్ తీర్చి, మిగిలినది ఈ నిష్పత్తిలో పంచుకోవాలి." చేయకపోతే ఏమవుతుందో రాయని షరతు అమలు కాదు.

13బి సెక్షన్ కింద విడాకులకు ఏడాది విడిగా ఉండాలి. మొదటి వాయిదా అయ్యాక, పిటిషన్ వేసిన తేదీ నుంచి ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల లోపు రెండో వాయిదాకు రావాలి. 2017 నాటి అమర్‌దీప్ సింగ్ తీర్పు తర్వాత తగిన సందర్భాల్లో ఆరు నెలల వ్యవధిని కోర్టు మాఫీ చేయవచ్చు. డిక్రీ వచ్చేవరకు ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకే డబ్బు, ఆస్తి ఒక్కసారిగా ఒకవైపు వెళ్లిపోకూడదు. మొదటి వాయిదాలో కొంత, రెండో వాయిదా రోజు జడ్జి ముందు మిగతాది డీడీ రూపంలో ఇవ్వడం ఇరువైపులా భద్రం. పోస్ట్ డేటెడ్ చెక్కులు తీసుకోకండి.

ఇంటి టైటిల్ మార్పు విషయంలో వేళ ముఖ్యం. భార్యాభర్తలుగా ఉన్నంతవరకు ఒకరికొకరు ఇచ్చుకున్నదానికి గిఫ్ట్ పన్ను ఇబ్బంది లేదు. డిక్రీ వచ్చిన మరునాటి నుంచి పన్ను చట్టం దృష్టిలో మీరు బంధువులు కారు. స్టాంప్ డ్యూటీలో కుటుంబ సభ్యుల మధ్య ఉండే రాయితీ దగ్గరా ఇదే చిక్కు. కాబట్టి రిలీజ్ డీడ్ (తన వాటాను వదులుకుంటూ రాసే దస్తావేజు) గానీ గిఫ్ట్ సెటిల్‌మెంట్ గానీ డిక్రీకి ముందే, రెండో వాయిదా దగ్గర పడ్డాక రిజిస్టర్ చేయించండి. ఏ డీడ్‌కు ఎంత పడుతుందో ముందుగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో లెక్క వేయించుకోండి. ఇంకో దారి, ఆస్తి షెడ్యూలును హద్దులు, సర్వే నంబరు, డోర్ నంబరుతో సహా పిటిషన్‌లోనే చేర్చడం. రిజిస్ట్రేషన్ చట్టం 17(2)(6) ప్రకారం రాజీ డిక్రీకి రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది, కానీ ఆ ఆస్తి కేసులో విషయంగా ఉన్నప్పుడే. విడిగా తెల్లకాగితం మీద రాసుకుని డిక్రీలో "ఒప్పందం ప్రకారం" అని ఒక్క మాట ఉంటే ఆ మినహాయింపు దక్కడం కష్టం.

ఊళ్లో నోటరీ స్టాంపు పేపరు మీద రాసుకున్న విడాకుల కాగితంతో భూమి చేతులు మారదు. ఆచారం నిరూపించగలిగిన కొన్ని కులాల్లో తప్ప హిందువులకు అది విడాకులు కూడా కాదు. అసైన్డ్ భూమి, ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ల పట్టా ఉంటే బదిలీ ఆంక్షలు చూడకుండా పంపకంలో పెట్టకండి. అసైన్డ్ భూముల బదిలీని నిషేధించే 1977 చట్టానికి విరుద్ధంగా రాసిన బదిలీ చెల్లదు, ఆ పేరున పుచ్చుకున్నవాళ్లకు చివరికి ఏమీ మిగలదు.

పిల్లల సంగతి ఒక్క మాట. తల్లి తన భరణం వదులుకోవచ్చు, పిల్లల పోషణ హక్కును మాత్రం వదులుకోలేదు. వాళ్ల తరఫున "ఇక ఏ హక్కూ లేదు" అని రాసిన వాక్యానికి విలువ లేదు. తండ్రి వైపు పిత్రార్జితంలో కొడుకుకీ కూతురికీ వాటా విడాకులతో పోదు.

భరణం ఒకేసారి తీసుకుంటే సాధారణంగా దాన్ని పన్ను లేని మూలధన రాబడిగా చూస్తారు, నెలనెలా తీసుకుంటే ఆదాయంగా పన్ను పడుతుంది. నెలకు 30 వేలా, ఒకేసారి 40 లక్షలా అని పోల్చేటప్పుడు ఈ తేడా కూడా లెక్కలోకి రావాలి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో చిక్కు. కాలిఫోర్నియా, టెక్సాస్, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో పెళ్లయ్యాక కూడినది ఉమ్మడి ఆస్తి. అక్కడి 401కె ఖాతాను (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు) పంచాలంటే విడాకుల తీర్పు ఒక్కటే చాలదు, ప్లాన్ నిర్వాహకులు ఒప్పుకునే ప్రత్యేక కోర్టు ఉత్తర్వు కావాలి. ఇక్కడి ప్లాటు, పొలం విషయంలో అక్కడి డిక్రీతో నేరుగా టైటిల్ మారదు. తిరుపతిలో జరిగిన పెళ్లికి మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకులను 1991లో నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు గుర్తించలేదు. ఇండియాలో ఆస్తి ఉంటే ఇక్కడ కూడా పరస్పర అంగీకార పిటిషన్ వేసుకుని, ఇక్కడి ఆస్తులను దాని షెడ్యూలులో పెట్టుకోండి.

డిక్రీ చేతికొచ్చాక సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకోండి. మున్సిపల్ పన్ను, కరెంటు మీటరు, తెలంగాణలో భూభారతి, ఆంధ్రలో వెబ్‌ల్యాండ్ రికార్డులో పేరు మార్పించి, నెల తర్వాత ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీసి చూసుకోండి. మూడు నెలలకోసారి ఏడాది పాటు సిబిల్ రిపోర్టు చూడండి, మూసేశామన్న లోన్ అందులో ఇంకా తెరిచే ఉంటే వెంటనే బ్యాంకుకు రాయండి. పీఎఫ్, బ్యాంకు, డీమ్యాట్, ఎల్ఐసీ నామినేషన్లు వాటంతట అవి మారవు. భార్యాపిల్లల పేరున 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకున్న ఎండబ్ల్యూపీ పాలసీ అయితే అందులో పేరున్న లబ్ధిదారుల్ని తర్వాత మార్చలేరు, కాబట్టి దాని ప్రీమియం ఎవరు కట్టాలో ఒప్పందంలోనే ఉండాలి. పాత వీలునామా ఉంటే విడాకులతో అది రద్దు కాదు. కొత్తది రాసి, పాతదాన్ని రద్దు చేస్తున్నట్టు అందులో స్పష్టంగా చెప్పండి.